రాధామనోహరం గుత్తులుగా పూయాలంటే: చోటు ఎంపిక నుంచి కొమ్మల కత్తిరింపు దాకా

రాధామనోహరం గురించి అడిగేవాళ్లలో మొక్క చచ్చిపోయిందని అనేవాళ్లు తక్కువ. "తీగ మిద్దె మీదికి ఎక్కేసింది, ఆకు గుబురుగా ఉంది, పువ్వు మాత్రం లేదు" అనేవాళ్లే ఎక్కువ. ఈ తీగను బతికించడం పెద్ద పనేం కాదు, పూయించడమే పని. ఎండ చాలకపోయినా, ఎరువు ఎక్కువైనా, కత్తెర వేయకూడని వేళ వేసినా ఆకులు పెరుగుతాయి, పూత ఆగిపోతుంది. కింది పనుల వరుస ఆ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని చెప్పింది.

1. కొనేముందు: ఏ మొక్క, ఏ రకం

నర్సరీల్లో దీన్ని రంగూన్ క్రీపర్, మధుమాలతి, ఒక్కోచోట హనీసకిల్ అని కూడా పిలుస్తారు. శాస్త్రీయ నామం కాంబ్రెటమ్ ఇండికమ్. పాత పేరు క్విస్‌క్వాలిస్ ఇండికా. లేబుల్ మీద ఈ రెండింటిలో ఏది ఉన్నా మొక్క ఒకటే.

మాధవీలత వేరు. పేర్లు దగ్గరగా ఉండడంతో ఒకటి అడిగితే ఇంకొకటి చేతికొస్తుంది. పూలు చూసి కొంటే ఆ గొడవ ఉండదు. రాధామనోహరం పువ్వుకు రెండు మూడు అంగుళాల సన్నని గొట్టంలాంటి కాడ ఉంటుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకు, ఆ తర్వాత ఎరుపుకు తిరుగుతుంది. అందుకే ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. రంగు మారితే తెగులేమో అని కంగారుపడనక్కర్లేదు, దాని తీరే అంత.

రకాలు మూడు దొరుకుతాయి:

- ఒంటి రేకు: అయిదు రేకుల పువ్వు. తీగ బాగా పొడుగు సాగుతుంది. పెద్ద పందిరికి, ప్రహరీ గోడకు ఇదే.
- ముద్ద రకం: రేకుల మీద రేకులు, గుత్తి నిండుగా ఉంటుంది. గేటు ఆర్చికి, బాల్కనీకి జనం ఎక్కువగా అడిగేది ఇదే.
- పొట్టి రకం: కుండీల కోసం. పొదలా పెరుగుతుంది. దీన్ని కొని గేటు మీదికి పాకించాలని చూస్తే ఏళ్లు గడిచినా సగం దాకా కూడా రాదు.

అచ్చమైన హనీసకిల్, అంటే లోనిసెరా జాతి, వేరే కుటుంబం మొక్క. చల్లని ప్రాంతాల్లో హాయిగా పూస్తుంది గానీ మన మే నెల ఎండకు సొమ్మసిల్లుతుంది. ఏలూరులోనో కరీంనగర్‌లోనో హనీసకిల్‌లాంటి తీగ, వాసన కావాలనుకుంటే రాధామనోహరమే సరైన జవాబు. విదేశాల్లో ఉన్నవాళ్ల సంగతి 11వ భాగంలో ఉంది.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- కవరు అడుగు నుంచి వేర్లు బయటికి వచ్చి చుట్టలు చుట్టుకోకూడదు.
- మొదట్లోనే రెండు మూడు కొమ్మలున్న రెండు మూడడుగుల మొక్క చాలు. ఆరడుగుల ఒంటి తీగ కంటే అదే నయం.
- ఆకు వెనక, కణుపుల దగ్గర తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఉండకూడదు.
- ఒక్క గుత్తయినా పూసిన మొక్క అయితే రకం విషయంలో మోసం ఉండదు.

2. చోటు: తొందరపడకూడని పని

నాటాక ఈ మొక్కను కదపడం దాదాపు అసాధ్యం. మూడేళ్లకే మొదలు మణికట్టంత లావవుతుంది. కాబట్టి గొయ్యి తీయకముందు ఒక రోజంతా ఎండ ఎటు నుంచి ఎటు తిరుగుతోందో చూడండి.

రోజుకు కనీసం 5 నుంచి 6 గంటల నేరుగా పడే ఎండ కావాలి. మూడు గంటల ఎండలోనూ తీగ బతుకుతుంది, పెరుగుతుంది. పూత మాత్రం కొసల్లో నాలుగు గుత్తులకే పరిమితమవుతుంది. మొదలు నీడలో ఉండి, తీగ ఎండలోకి పాకితే ఇబ్బంది లేదు. పూసేది పై భాగమే గనక ఎండ పైకి తగలాలి.

వాసన పొద్దు వాలాక పెరుగుతుంది, రాత్రికి నిండుగా ఉంటుంది. సాయంత్రం మీరు కూర్చునే అరుగు, ఉయ్యాల ఎక్కడుందో, ఆ వేళ గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి తీగను గాలి వచ్చే వైపు పెట్టుకోండి. కోస్తాలో సాయంత్రం సముద్రపు గాలి వచ్చే దిక్కున నాటితే ఇల్లంతా పరిమళమే. పడకగది కిటికీకి ఆనించి మాత్రం వద్దు. ఘాటు వాసన పడనివాళ్లకు తలనొప్పి తెప్పిస్తుంది.

నాటకూడని చోట్లు:

- కరెంటు సర్వీసు తీగ, ఇన్వర్టర్ వైరు వెళ్లే దారి. తీగ ఒక్క వర్షాకాలంలో అక్కడికి అందుకుంటుంది.
- ఏసీ బయటి యూనిట్ పక్క. వేడి గాలికి చిగుళ్లు మాడతాయి, యూనిట్‌లోకి ఆకులు దూరతాయి.
- సంపు, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ గొట్టాలకు ఆరడుగుల లోపు.
- పక్కింటివాళ్ల గోడకు ఆనుకుని. తీగ గోడ దాటాక రాలిన పూలు వాళ్ల వాకిట్లో ఊడ్చుకోవాల్సింది వాళ్లే.

పూలతీగకు పాములు చేరతాయన్న భయం చాలామందికి ఉంది. వాసనకు పాము రాదు. కింద ఎండుటాకులు మేటవేసి, గుబురులో ఎలుకలు కాపురం పెడితే వాటి కోసం వస్తుంది. మొదలు చుట్టూ నేల నుంచి అడుగున్నర ఎత్తు వరకు కొమ్మలూ ఆకులూ లేకుండా ఉంచితే చాలు.

3. ఊతం ముందు, మొక్క తర్వాత

రాధామనోహరానికి కాకరకున్నట్టు నులితీగలు లేవు, గోడకు కరుచుకునే వేర్లూ లేవు. దొరికిన దాన్ని చుట్టుకుంటూ, కొమ్మ మీద కొమ్మ వేసుకుంటూ ఎగబాకుతుంది. నున్నటి గోడ పక్కన నాటి వదిలేస్తే అక్కడే కుప్పగా పడుతుంది.

నాలుగేళ్ల తీగ వాన నీటితో తడిసినప్పుడు ఎంత బరువుంటుందో ముందే ఊహించుకోండి. బజారులో దొరికే మడతపెట్టే ప్లాస్టిక్ జాలీలు, సన్నటి వెదురు తడికలు రెండో వర్షాకాలానికే ఒరిగిపోతాయి. అప్పటికి తీగ వాటిలో అల్లుకుపోయి ఉంటుంది, విడదీయడం కుదరదు.

గేటు ఆర్చికి ఒకటిన్నర అంగుళం జీఐ పైపు సరిపోతుంది. కాళ్లు నేలలో అడుగున్నర లోతున కాంక్రీటులో దిగాలి. ఎత్తు కనీసం ఎనిమిదడుగులు ఉంచండి. తీగ దట్టమయ్యాక కొమ్మలు అడుగు కిందికి వేలాడతాయి.

గోడ మీదికైతే జీఐ తీగను అడ్డంగా, అడుగున్నరకు ఒక వరుస చొప్పున లాగండి. గోడకూ తీగకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే గాలి ఆడదు, పిండినల్లి చేరుతుంది, గోడకు రంగు వేయడమూ కుదరదు.

ఒక జాగ్రత్త. మే ఎండలో ఇనుప పైపు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాన్ని తాకిన లేత చిగురు కొస నల్లబడి ఎండిపోతుంది. మొదటి వేసవి దాటే దాకా పైపుకు కొబ్బరి తాడు చుట్టి ఉంచితే చిగురు మాడదు, పట్టూ దొరుకుతుంది.

4. గొయ్యి, మట్టి

జూన్, జూలైల్లో తొలకరి పడ్డాక నాటడం అన్నిటికంటే మేలు. రెండో అవకాశం ఫిబ్రవరి. ఏప్రిల్, మేలలో నాటితే రోజూ రెండు పూటలా నీళ్లు పోసినా మొక్క కుదురుకోవడానికి తంటాలు పడుతుంది.

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీయండి. గోడకు కనీసం రెండడుగుల దూరం ఉండాలి. తవ్వినప్పుడు పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోయండి. గొయ్యిని వారం రోజులు ఎండనివ్వండి.

కొత్తగా కట్టిన ఇళ్ల ప్రహరీ పక్కన తవ్వితే సిమెంటు పెళ్లలు, కంకర, ఇసుక బయటపడతాయి. వాటిని మళ్లీ గోతిలో వేయకండి. సిమెంటులోని సున్నం మట్టిని క్షారం చేస్తుంది. ఏడాది తర్వాత ఆకులు పాలిపోయినప్పుడు కారణం ఎరువు లోపం అనుకుంటారు గానీ, అసలు కారణం ఆ పెళ్లలే.

గొయ్యి నింపడానికి:

- పైమట్టి రెండు వంతులు
- బాగా మాగిన పశువుల ఎరువు 10 నుంచి 15 కిలోలు
- వేపపిండి 250 గ్రాములు
- ఎముకల పొడి 250 గ్రాములు, లేదా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 200 గ్రాములు
- నల్లరేగడి అయితే అదనంగా రెండు మూడు తట్టల ఇసుక

మాగిన ఎరువు అంటే నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసన వచ్చేది. చేత్తో తీసుకుంటే వెచ్చగా తగిలినా, పేడ వాసన కొట్టినా అది పచ్చి ఎరువే. వేర్లను కాలుస్తుంది, చెదలను పిలుస్తుంది.

నల్లరేగడిలో ఇంకొక పని ఉంది. నింపిన గొయ్యి చుట్టుపక్కల నేల కంటే నాలుగు అంగుళాల ఎత్తుండాలి. లేకపోతే ఆగస్టు ముసుర్లలో గొయ్యి చిన్న చెరువవుతుంది.

5. నాటడం

1. నాటడానికి గంట ముందు కవరులోని మట్టి తడపండి.
2. కవరును పక్కల నుంచి బ్లేడుతో కోసి తీయండి. మొక్కను మెడ పట్టి లాగకండి.
3. అడుగున చుట్టుకున్న వేర్లుంటే వేళ్లతో విప్పండి. గట్టిగా ముద్దకట్టి ఉంటే అడుగు అర అంగుళం కోసేయండి.
4. కవరులో మట్టి ఎంత వరకు ఉందో గోతిలోనూ అంతే ఉండాలి. మొదలు లోతుగా కప్పితే కుళ్లుతుంది.
5. మొక్కను ఊతం వైపు కొద్దిగా వాల్చి పెట్టండి.
6. చుట్టూ మట్టి నొక్కి, రెండడుగుల వెడల్పు పాదు చేసి, ఒక బకెట్ నీళ్లు నెమ్మదిగా పోయండి.
7. ఎండుటాకులో కొబ్బరి పీచో రెండు మూడు అంగుళాల మందాన పరచండి. మొదలుకు నాలుగు అంగుళాల దూరం వదలండి.

సాయంత్రం పూట నాటండి. మొదటి నెలలో రసాయన ఎరువు ఏదీ వేయకండి.

గేటు ఆర్చికి పక్కకొకటి చొప్పున రెండు మొక్కలు పెట్టడం అలవాటు. నిజానికి ఒక్కటే మూడేళ్లలో రెండు వైపులా కప్పేస్తుంది. పొడవాటి ప్రహరీకైతే ఆరడుగులకు ఒక మొక్క చాలు.

6. మొదటి ఏడాది: తీగకు దారి చూపించడం

కొత్త మొక్క మొదట్లో పొదలా నిలబడుతుంది. "ఇది తీగ కాదేమో" అనే అనుమానం వచ్చే దశ ఇదే. ఓపిక పట్టండి, వేరు కుదురుకున్నాక పొడుగాటి చువ్వల్లాంటి కొమ్మలు ఒక్కసారిగా లేస్తాయి.

వాటిలో బలమైనవి మూడు ఉంచి మిగతావి మొదలు దాకా తీసేయండి. ఈ మూడింటినీ ఊతానికి కట్టండి. కట్టే తీరు ముఖ్యం. పురికొస గానీ పాత నూలు చీర పేలిక గానీ తీసుకుని, ముందు పైపు చుట్టూ తిప్పి, మధ్యలో ఒక మెలిక వేసి, ఆపైన కొమ్మ చుట్టూ వదులుగా ముడి వేయండి. పైనుంచి చూస్తే 8 అంకెలా ఉండాలి. కొమ్మ వైపు ముడిలో చిటికెన వేలు దూరేంత సందు వదలండి. బైండింగ్ వైరుతో కట్టకండి. కొమ్మ లావయ్యేకొద్దీ వైరు లోపలికి దిగి, ఒకనాడు పై భాగమంతా ఎండిపోతుంది.

గోడ మీద పాకించేవాళ్లు చేసే తప్పు, కొమ్మలన్నిటినీ నిటారుగా పైకి పంపడం. అప్పుడు పూలన్నీ డాబా అంచున, కింద మాత్రం ఉత్త కట్టెలు. కొమ్మ మూడడుగులు పెరగ్గానే దాన్ని అడ్డంగా, విసనకర్ర ఆకారంలో వంచి కట్టండి. అడ్డంగా పడుకున్న కొమ్మ మీద ప్రతి కణుపు దగ్గరా పక్క కొమ్మ లేస్తుంది, పూత వచ్చేది వాటి మీదే. వంచడం లేతగా ఉన్నప్పుడే చేయాలి. ముదిరాక వంచితే ఫట్‌మని విరుగుతుంది.

7. నీళ్లు

నేలలో నాటిన మొక్కకు మొదటి నెల రోజు మార్చి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు. ఏడాది దాటాక వేసవిలో వారానికి రెండు సార్లు పాదు నిండా, చలికాలంలో పది రోజులకొకసారి. వర్షాకాలంలో అసలు పోయకపోయినా నడుస్తుంది.

రోజూ చెంబెడు పోయడం కంటే, నాలుగు రోజులకొకసారి రెండు బకెట్లు పోయడం మంచిది. కొద్ది కొద్దిగా పోస్తే వేర్లు పైపైనే ఉండిపోయి ఎండకు తట్టుకోలేవు.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆకు అంచులు గోధుమ రంగులో మాడతాయి. వర్షాకాలంలో డాబా మీది నీటిని పాదులోకి మళ్లిస్తే పేరుకున్న ఉప్పు కొంత కిందికి దిగుతుంది.

8. ఎరువు: తక్కువే మేలు

నేలలో ఉన్న పెద్ద తీగకు ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది: కత్తిరింపు అయ్యాక మాగిన పశువుల ఎరువు 5 కిలోలు, వేపపిండి 200 గ్రాములు. మళ్లీ జూలైలో వర్మీకంపోస్ట్ 2 కిలోలు. పాదు అంచున వేసి మట్టితో కలపాలి, మొదలు దగ్గర కాదు.

యూరియా దగ్గరికి రానివ్వకండి. నత్రజని ఎక్కువైతే ఆకులు అరచేయంత వెడల్పై, కొమ్మలు గజాల కొద్దీ సాగి, మొగ్గ మాత్రం కనిపించదు. పచ్చిక బయలుకు వేసే ఎరువు నీటితో పాటు ఈ పాదులోకి వచ్చినా అదే జరుగుతుంది.

పూత ముందు పొటాష్ ఇవ్వాలనుకుంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరు నీటికి 5 గ్రాములు కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. ఫిబ్రవరి చివర్లో ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్ల మీద వీడియోలు కోకొల్లలు. ఆ నీళ్లలోకి దిగేది కొంచెమే, పైగా దోమలు. తొక్కల్ని కంపోస్టులో వేస్తేనే ఉపయోగం.

9. కత్తిరింపు: పూత తేలేది ఇక్కడే

రాధామనోహరం ఈ ఏడాది వచ్చిన కొత్త కొమ్మల చివర్ల మీద, వాటి కణుపుల దగ్గర పూస్తుంది. పాత కట్టె మీద పూయదు. కాబట్టి కత్తిరించకపోతే పూత ఏటికేడాది పైకి, కంటికి అందనంత పైకి వెళ్లిపోతుంది. నెలనెలా అందం కోసం కొసలు కత్తిరిస్తూ ఉంటే మొగ్గ వేయాల్సిన చివర్లే పోతాయి. ఈ రెండు తప్పుల మధ్య దారి ఏడాదికి ఒక పెద్ద కత్తిరింపు, మిగతా కాలమంతా చిన్న చిన్న సవరింపులు.

పెద్ద కత్తిరింపు ఎప్పుడు: కోస్తాలో జనవరి మొదటి పక్షం. తెలంగాణలో, రాయలసీమలో చలి తగ్గుముఖం పట్టే జనవరి చివర. ఆ రోజుల్లో పూత ఆగి, ఆకులు పసుపెక్కి కొన్ని రాలుతుంటాయి, మొక్క విశ్రాంతిలో ఉంటుంది.

కావలసినవి: పదునైన సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర), లావు కొమ్మలకు చిన్న రంపం, మందపాటి చేతి తొడుగులు, నిచ్చెన. చేతి తొడుగులు లేకుండా మొదలెట్టకండి. ఆకు రాలినా దాని తొడిమ అడుగు భాగం కొమ్మకే ఉండిపోయి, ఎండి, కొక్కెంలాంటి ముల్లవుతుంది. పచ్చి కొమ్మ నిమిరితే మెత్తగానే ఉంటుంది, రెండేళ్ల కొమ్మను నిమిరితే అరచేతిలో గీత పడుతుంది.

వరుస:

1. ముందు ఎండిన, విరిగిన, సన్నటి పుల్లల్లాంటి కొమ్మలన్నీ మొదలంటా తీసేయండి. గుబురు లోపలికి చేయి పెట్టి చూస్తే సగం ఎండు పుల్లలే ఉంటాయి.
2. ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మల్లో బలహీనమైనది తీయండి.
3. ప్రధాన కొమ్మలు మూడు నాలుగు అలాగే ఉంచి, వాటి పక్క కొమ్మల్ని రెండు మూడు కణుపులు వదిలి కత్తిరించండి.
4. బాగా ముదిరిన ప్రధాన కొమ్మ ఒకదాన్ని నేల నుంచి అడుగున్నర ఎత్తులో కోసేయండి. ఏటా ఒకటి చొప్పున ఇలా తీస్తే మూడు నాలుగేళ్లలో తీగంతా కొత్తదవుతుంది.
5. బొటనవేలి కంటే లావైన కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందును నీళ్లతో ముద్దగా కలిపి పూయండి.
6. ఎరువు వేసి, పాదు తవ్వి, నిండా నీళ్లు పెట్టండి.

చూడ్డానికి మొక్క బోడిగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు "చంపేశావు" అంటారు. రెండు మూడు వారాల్లో చిగుళ్లు, సుమారు రెండు నెలలకు మొదటి విడత మొగ్గలు వస్తాయి.

చిన్న సవరింపు: ఒక విడత పూలు రాలాక, పూసిన కొమ్మ కొసను వాడిన గుత్తి కింద రెండు కణుపుల మేర తీసేయండి. అక్కడి నుంచి రెండు కొత్త కొమ్మలు వస్తాయి, రెండూ పూస్తాయి. గుత్తి అడుగున ఇంకా మొగ్గలుంటే ఆగండి. సెప్టెంబరు తర్వాత ఈ పని ఆపేయండి.

పదేళ్లుగా కత్తెర చూడని తీగైతే మొత్తం రెండు మూడడుగుల ఎత్తులో కోసేయడమే దారి. ఆరోగ్యంగా ఉన్న మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఆ ఏడాది పూత కొంచెం ఆలస్యమైనా ఊతాన్ని బాగుచేసుకునే వీలు అప్పుడే దొరుకుతుంది.

10. డాబా మీద, కుండీలో

కనీసం 18 అంగుళాల కుండీ కావాలి. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి వాడితే ఇంకా మంచిది. అయితే తడి మట్టితో సగం డ్రమ్ము నూట పాతిక కిలోలకు పైగానే తూగుతుంది. శ్లాబ్ మధ్యలో కాకుండా బీమ్ మీదో, గోడ అంచునో ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

మిశ్రమం: ఎర్రమట్టి మూడు భాగాలు, వర్మీకంపోస్ట్ లేదా మాగిన ఎరువు మూడు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు, ముతక ఇసుక ఒకటి. సగం డ్రమ్ముకు వేపపిండి 200 గ్రాములు. అడుగున అర అంగుళం రంధ్రాలు ఆరు.

వేసవిలో రోజూ, ఎండ మండే రోజుల్లో రెండు పూటలా నీళ్లు. మిగతా కాలంలో మట్టిలో వేలు అంగుళం దించి, పొడిగా తగిలితేనే. నెలకొకసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్ట్ ఇవ్వాలి, కుండీలో ఎరువు నీళ్లతో కొట్టుకుపోతుంది గనక.

రెండు మూడేళ్లకు వేర్లు కుండీ నిండిపోతాయి. నీళ్లు పోయగానే పక్కల నుంచి జారి కిందికి వచ్చేస్తుంటే అదే గుర్తు. జనవరిలో కత్తిరింపుతో పాటే, కుండీ గోడ వెంబడి రెండు మూడు అంగుళాల మందం మట్టిని వేర్లతో సహా పాత కత్తితో కోసి తీసి, కొత్త మిశ్రమం నింపండి.

11. చలి దేశాల్లో ఉన్నవాళ్లకు

ఫ్లోరిడా దక్షిణంలో రాధామనోహరం ఇక్కడిలాగే పెరుగుతుంది. హ్యూస్టన్ లాంటి చోట్ల మంచు పడిన రాత్రి పై తీగ మాడినా, మొదలు మీద ఆరంగుళాల మందాన ఆకులు, బెరడు ముక్కలు కప్పి ఉంచితే వసంతంలో మళ్లీ లేస్తుంది. న్యూజెర్సీలోనో లండన్‌లోనో అయితే కుండీలోనే, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గగానే లోపలికి.

అక్కడ అచ్చమైన హనీసకిల్ పెట్టుకోవడం తేలిక. బ్రిటన్‌లో లోనిసెరా పెరిక్లిమెనమ్ అక్కడి సొంత మొక్క, వాసనా బాగుంటుంది. మొదలు నీడలో, తల ఎండలో ఉండేలా నాటండి. ఇది ముందటి ఏడాది కొమ్మల మీద పూస్తుంది కాబట్టి జనవరిలో కత్తిరిస్తే పూలు పోతాయి, పూత అయిన వెంటనే కత్తిరించాలి. అమెరికాలో జపాన్ హనీసకిల్, అంటే లోనిసెరా జపోనికా, అడవుల్ని కమ్మేసే మొక్క. కొన్ని రాష్ట్రాల్లో అమ్మకమే నిషేధం. ఎవరైనా కొమ్మ ఇచ్చినా నాటకండి.

12. ఏదో తేడాగా ఉంది: కారణం, మందు

ఆకు ఉంది, పువ్వు లేదు. ముందు ఎండ గంటలు లెక్కపెట్టండి. ఎండ చాలినంత ఉంటే ఆరు నెలలు ఎరువు ఆపండి. ఆ తర్వాత కత్తెర ఎప్పుడు వేశారో గుర్తు చేసుకోండి. నాటి ఏడాది కాకపోతే ఆగడమే మందు.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా. ఇనుము అందడం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారానికొకసారి మూడుసార్లు పిచికారీ. కలిపిన వెంటనే వాడాలి. గోడ మీద పడితే తుప్పు మరక పోదు, కాబట్టి గోడకు పాత గుడ్డ అడ్డం పెట్టండి.

పాత ఆకులు పసుపై రాలడం. డిసెంబరు, జనవరిలో అయితే మామూలే. వర్షాకాలంలో మట్టి తడిగా ఉండగానే తీగ వాలిపోతుంటే వేరు కుళ్లు. నీళ్లు ఆపి, పాదు తెంపి నీరు బయటికి పోనివ్వండి.

పిండినల్లి, పేనుబంక. చీమలు బారులు తీరి కొమ్మ ఎక్కుతుంటే పైన ఇవి ఉన్నట్టే. ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. రెండు రోజుల తర్వాత 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి ఆకు వెనక తడిసేలా పిచికారీ చేయండి. తెల్లవారుజామునే చేయాలి. ఎండెక్కాక చేస్తే ఆకు మాడుతుంది, సాయంత్రం చేస్తే పూలకు వచ్చే చిమ్మెటలకు తగులుతుంది.

ఆకులకు చిల్లులు. గొంగళి పురుగులు. పెద్ద తీగకు వీటి వల్ల నష్టం లేదు, వదిలేయండి.

13. పిలకలు

రెండో ఏడాది నుంచి మొదలు చుట్టూ, ఒక్కోసారి నాలుగడుగుల దూరంలో కూడా వేరు నుంచి పిలకలు లేస్తాయి. నేల మీద కత్తిరిస్తే ఒకటికి మూడు వస్తాయి. మట్టి తవ్వి, అవి వేరు నుంచి పుట్టిన చోట పీకాలి. వర్షం పడిన మర్నాడు ఈ పని సులువు. నెలకొకసారి చుట్టూ తిరిగి చూసుకుంటే చాలు, రెండేళ్లు వదిలేస్తే గునపం పట్టాలి.

14. ఇంకో మొక్క కావాలంటే

గింజల కోసం ఎదురుచూడకండి, మన తోటల్లో కాయ కట్టడం అరుదు. కట్టినా పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. ఎక్కిళ్లు, వాంతులు వస్తాయి.

కొమ్మ కత్తిరింపులు జూలైలో పెట్టవచ్చు. పెన్సిల్ లావు, ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు కణుపులు. కింది కోత కణుపు కింద ఏటవాలుగా ఉండాలి. వేరు హార్మోన్ పొడి అద్ది, ఇసుక, కోకోపీట్ సగం సగం కలిపిన దాంట్లో గుచ్చి, పైన పాలిథిన్ కవరు కప్పి నీడలో ఉంచండి. అయిదారు వారాల్లో వేరొస్తుంది. అన్నీ నాటుకోవు, రెండు మొక్కలు కావాలంటే ఆరు పెట్టండి.

ఖాయంగా వచ్చేది మాత్రం నేలంటు. తల్లి మొక్కకే ఉన్న పొడుగాటి కొమ్మను నేలకు వంచి, మట్టిలోకి వెళ్లే కణుపు కింద బెరడును అంగుళం మేర సన్నగా చెక్కండి. మూడు అంగుళాల లోతున పూడ్చి, పైన ఒక ఇటుక పెట్టండి. కొమ్మ కొస పైకి చూస్తూ ఉండాలి. వర్షాకాలం మొదట్లో చేస్తే రెండు నెలల తర్వాత ఇటుక తీసి మెల్లగా లాగి చూడండి. కదలకపోతే వేరు పట్టింది. వెంటనే తవ్వకండి. ముందు తల్లి మొక్క వైపు కొమ్మను కోసేసి పది రోజులు అక్కడే ఉంచండి. ఆకులు వాలిపోకుండా నిలబడితేనే మట్టిగడ్డతో సహా తీసి కుండీలోకి మార్చి, మరో పది రోజులు నీడలో పెట్టండి.